దయకి కూడా ఒక ఉత్తర్వు నంబరుండాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మొదటిసారి కౌన్సిల్‌కి ఎన్నికయ్యారు, ఇంకో ఆరు నెలల్లో మేయర్ కుర్చీ మీకు దక్కేలా ఉంది, నగరాన్ని మానవీయంగా నడపాలని మీకుంది, కానీ చుట్టూ ఉన్న సీనియర్లేమో మెత్తగా ఉంటే నెత్తినెక్కుతారని భయపెడుతున్నారు. ఆడవాళ్ల నాయకత్వం నిజంగానే వేరుగా ఉంటుందా, ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేను ఇరవై ఆరేళ్లు నగర పాలక సంస్థలో పనిచేసి రిటైరయ్యాను. అందులో చివరి పద్నాలుగేళ్లు మేయర్ పేషీలోనే. ముగ్గురు మహిళా మేయర్లని, ఇద్దరు మగ మేయర్లని దగ్గర్నుంచి చూశాను కాబట్టి ఫైళ్ల మధ్య కూర్చుని నేర్చుకున్నది చెప్తాను. పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్న సామెత ఆఫీసుల్లో రోజూ నిజమవుతూనే ఉంటుంది, మీ సీనియర్లు ఊరికే అనడం లేదు. అయితే వాళ్లు మీ గొంతు గురించి, మీ ముఖం గురించి మాట్లాడుతున్నారు. నగరంలో ఏ పని ముందు, ఏది తర్వాత, ఎవరి డబ్బు ఎక్కడికి పోతుంది అన్నదాని గురించి కాదు. మొదటిదానిలో మెత్తగా ఉంటూ రెండోదానిలో ఘోరంగా ఉండొచ్చు. దీనికి నాకు బాగా గుర్తున్న సంగతి ఒకటుంది.

నేను పేషీలోకి వచ్చిన కొత్తల్లో ఉన్న మేయర్ గారు చాలా మంచి మనిషి. వారానికి ఒకరోజు అర్జీలు తీసుకునేవారు. ఒక వేసవిలో ఒక ముసలావిడ ఖాళీ ప్లాస్టిక్ బిందె చంకన పెట్టుకుని మూడో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చింది. తొమ్మిది రోజులుగా మా సందుకి ట్యాంకర్ రాలేదమ్మా అంది. మేయర్ గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడికక్కడే ఇంజనీరుకి ఫోన్ చేసి ఇంకో గంటలో ఆ సందులో ట్యాంకర్ ఉండాలన్నారు. గంటలోనే వెళ్లింది కూడా. ముసలావిడ దండం పెట్టింది, గదిలో ఉన్నవాళ్లందరం కరిగిపోయాం, మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. వారం తర్వాత వేరే పని మీద ట్యాంకర్ల ట్రిప్పుల రిజిస్టర్ తిరగేస్తుంటే ఆ తారీకు కంటపడింది. ఆ రోజు ట్యాంకర్లన్నీ పొద్దున్నే కేటాయించేశారు, ఖాళీ బండి ఒక్కటి కూడా లేదు. ఈవిడ సందుకి వెళ్లింది పక్క వార్డులో ఇంకో వీధికి పోవాల్సిన ట్రిప్పు. ఆ వీధి పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టి, పక్కన 'మేయర్ గారి ఆదేశం' అని రాశారు. ఆ వీధివాళ్లు మెట్లెక్కి రాలేదు, వాళ్ల తప్పల్లా అదే. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, మేం అడిగినవాళ్లకి పెట్టడానికి అడగనివాళ్ల కంచంలోంచి తీశాం.

దాని తర్వాత జరిగింది ఇంకా అన్యాయం. ఏడ్చి చెప్తే పనవుతుందని తెలిసిపోయింది, అర్జీల రోజు జనం రెట్టింపయ్యారు, నెల తిరక్కుండానే మిమ్మల్ని మేయర్ దగ్గరికి నేను తీసుకెళ్తానంటూ వార్డుకో మధ్యవర్తి తయారయ్యాడు. పాపం ఆవిడ మంచితనంలో ఏ లోపమూ లేదు. కానీ అప్పట్నుంచి ఫలానా మేయర్ దయగల మనిషి అని ఎవరైనా అంటే, ఆ ట్రిప్పు ఎక్కణ్ణుంచి వచ్చింది అని అడగాలనిపిస్తుంది నాకు.

రెండో మేయర్ గారు మాట కటువు. అర్జీదారులతో రెండు ముక్కలు మాట్లాడి పంపేసేవారు, ఈవిడకి మనసే లేదని బయట చెప్పుకునేవాళ్లు. ఆవిడ ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి నన్ను కారెక్కించుకుని ఒక వార్డు ఆఫీసు ముందు దిగారు. ఫోటోగ్రాఫర్ లేడు, ఆ వార్డు కార్పొరేటర్‌కి కూడా కబురు లేదు. పారిశుద్ధ్య కార్మికులు వచ్చి హాజరు వేసుకునే చోటు అది, వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆవిడ గోడవారన స్టూలు వేసుకుని గంటసేపు చూస్తూ కూర్చున్నారు. నాకేమో నిద్ర ఆగడం లేదు, మనసులో తిట్టుకుంటున్నాను. ఇంతలో ఒకామె వచ్చి వేలిముద్ర వేసి, వచ్చిన దారినే గబగబా వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఎక్కడికమ్మా అని పిలిస్తే, నేను ఊడ్చే వీధి మా ఇంటి పక్కనే మేడం, మిషనేమో ఇక్కడ పెట్టారు అంది. రాను నలభై నిమిషాలు, పోను నలభై నిమిషాలు, పనయ్యాక మళ్లీ వేలిముద్ర కోసం ఇంకోసారి. మరి బాత్రూం అవసరమైతే అని మేయర్ గారు అడిగారు. ఆమె నవ్వేసి, పదింటి దాకా నీళ్లే తాగం మేడం అంది.

ఆఫీసుకొచ్చాక ఆవిడ ఎవరినీ తిట్టలేదు, ప్రెస్‌ని పిలవలేదు. రెండు ఉత్తర్వులు తయారు చేయించారు. హాజరు పాయింటు పనిచేసే వీధికి ఇంత దూరం దాటి ఉండకూడదని ఒకటి. ప్రతి పాయింటు దగ్గరా లోపల గడియ ఉన్న టాయిలెట్ ఉండాలని, దాన్ని రోజూ కడిగే ఖర్చు ఏ పద్దు కింద రాయాలో కూడా చెప్తూ రెండోది. ఆ పద్దు దగ్గరే అకౌంట్స్ వాళ్లతో మూడు వారాలు కొట్లాట. టాయిలెట్ కట్టడానికైతే ఎవరో ఒకరు డబ్బిస్తారు, శిలాఫలకం మీద పేరుంటుంది కాబట్టి. రోజూ కడగడానికి మాత్రం ఎవరూ ఇవ్వరు. ఆవిడ పట్టుబట్టి ఆ పద్దు సాధించారు. ఆవిడ దిగిపోయాక నలుగురు కమిషనర్లు మారారు, ఆ ఉత్తర్వు ఇప్పటికీ నడుస్తోంది. కొన్నిచోట్ల గడియ ఊడిపోయింది, ఒకచోట చీపుళ్లు పెట్టుకునే గది చేసేశారు, అదీ నిజమే. కానీ ఇవాళ ఎవరైనా వెళ్లి ఇదెందుకు పాడైందని నిలదీయడానికి ఒక నంబరుంది, ఒక తేదీ ఉంది. ట్యాంకర్ వచ్చిన సందులో ముసలావిడకి ఆ తర్వాతి వారం ఏ ఆధారమూ లేదు.

ఇక ఆడవాళ్లు వేరుగా పాలిస్తారా అన్న ప్రశ్న. పుట్టుకతోనే మనకి దయ ఎక్కువని నేను నమ్మను, నా సర్వీసులో అలాంటిదేమీ కనబడలేదు. పరిశోధనలు కూడా రెండు రకాలుగా ఉన్నాయి. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ గ్రామ పంచాయతీల మీద రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో 2004లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. మహిళలకి రిజర్వైన సర్పంచ్ పదవులు వంతులవారీగా మారుతుంటాయి కాబట్టి, రిజర్వైన ఊళ్లని కాని ఊళ్లతో సరిగ్గా పోల్చగలిగారు. మహిళలున్నచోట తాగునీటి మీద ఖర్చు ఎక్కువ జరిగింది. రోడ్ల సంగతికొస్తే బెంగాల్‌లో మహిళలున్నచోట ఎక్కువ, రాజస్థాన్‌లో తక్కువ. ఎందుకంటే బెంగాల్‌లో ఆడవాళ్లు రోడ్లు కూడా అడిగారు, రాజస్థాన్‌లో రోడ్లు అడిగింది ఎక్కువగా మగవాళ్లు. అంటే ఆ సర్పంచులు ఆడవాళ్లు అడిగింది విన్నారు, దయతో దీనికి పని లేదు.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచేది అమెరికా నగరాల మీద ఫెరీరా, గ్యుర్కో చేసిన పరిశోధన. 1950 నుంచి 2005 దాకా జరిగిన మేయర్ ఎన్నికలు తీసుకుని, కొద్ది ఓట్ల తేడాతో మహిళ గెలిచిన నగరాల్ని మగవాడు గెలిచిన నగరాలతో పోల్చారు. ప్రభుత్వం ఎంత పెద్దది, డబ్బు దేనికి ఖర్చు పెట్టారు, నేరాలు ఎలా ఉన్నాయి, వేటిలోనూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. చాలామంది మహిళా నాయకులకి ఈ సంగతి రుచించదు, నాకు మాత్రం ఇది చదివాక ఊరటగానే అనిపించింది. మేయర్ కుర్చీలో చీర కూర్చున్నంత మాత్రాన బడ్జెట్ పుస్తకంలో అంకెలు వాటంతటవే కదలవు. జీతాలు, పెన్షన్లు, పాత అప్పులు, నడుస్తున్న కాంట్రాక్టులు పోగా మీ చేతిలో ఉండేది చాలా కొంచెం. ఆ కొంచెం ఎటు పోవాలో చెప్పే సమాచారం మీ దగ్గరికి ఏ దారిలో వస్తోందన్నదే అసలు తేడా.

ఈ మాటకి ఆస్ట్రియా రాజధాని వియన్నాని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ నగరానికి ఇంతవరకు ఒక్క మహిళా మేయర్ కూడా లేరు, చూడండి విచిత్రం. అక్కడ పని మొదలుపెట్టింది ఎవా కైల్ అనే ప్లానర్, తోటి ఉద్యోగినితో కలిసి. 1991లో నగరంలో ఆడవాళ్ల రోజు ఎలా గడుస్తుందో చూపించే ఫోటో ప్రదర్శన పెట్టారు, మరుసటి ఏడాది నగర ప్రభుత్వం మహిళల కోసం ప్రత్యేక కార్యాలయమే తెరిచింది. 1999లో నగరంలోని తొమ్మిదో జిల్లాలో మీరు రోజూ ఎక్కడికి ఎలా వెళ్తారు అని ఒక సర్వే చేస్తే, మగవాళ్లు చాలామంది ఐదు నిమిషాల్లో ముగించేశారు. పొద్దున ఆఫీసు, సాయంత్రం ఇల్లు, అయిపోయింది. ఆడవాళ్లు రాస్తూనే ఉన్నారు. పిల్లని బడిలో దింపడం, అత్తగారిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం, మధ్యలో సరుకులు, ఆ తర్వాత ఉద్యోగం, మళ్లీ బడి. ఇలాంటివి చూసే ఫుట్‌పాత్‌లు వెడల్పు చేశారు, లైట్లు పెంచారు, మెట్లున్నచోట పిల్లల బండి ఎక్కేలా వాలు కట్టారు. పార్కుల్లో తొమ్మిది పదేళ్లు దాటిన ఆడపిల్లలు కనబడకుండా పోతున్నారని గమనించి, ఒకే పెద్ద మైదానంలా ఉన్న చోటుని చిన్నచిన్న భాగాలుగా విడదీసి, లోపలికి దారులు పెంచితే వాళ్లు మళ్లీ వచ్చారు. ఎవరూ ఆ పిల్లల మీద జాలిపడలేదు, ప్లానులో గీత మార్చారు అంతే. వంటగదిలో నిలబడి చూస్తే ముంగిట్లో ఆడుకునే పిల్లలు కనబడేలా కట్టిన 357 ఇళ్ల కాలనీ కూడా ఆ రోజుల్లోదే, మహిళా ఆర్కిటెక్టులు గీసింది. నేను చెప్పొచ్చేదేమిటంటే మీకు మేయర్ పదవి రాకపోయినా ఈ పని ఆగదు.

పదవిలో ఉండి చేసినవాళ్లలో నాకు నచ్చింది కొలంబియా రాజధాని బొగోటా మాజీ మేయర్ క్లౌడియా లోపెజ్. ఆ కుర్చీకి ఎన్నికైన మొదటి మహిళ, 2020 జనవరిలో బాధ్యతలు తీసుకున్నారు. ఇంట్లో పిల్లల్ని, ముసలివాళ్లని, మంచాన పడ్డవాళ్లని చూసుకుంటూ ఒక్క గంట కూడా తనది కాని ఆడవాళ్ల కోసం, నడిచి వెళ్లే దూరంలో 'సంరక్షణ బ్లాకులు' పెట్టించారు. ఒకామె బట్టల మూట పట్టుకొచ్చి అక్కడి వాషింగ్ మెషీన్‌లో ఉచితంగా వేస్తుంది, పిల్లని అదే చోట ఇంకొకరు చూసుకుంటారు, బట్టలు ఉతికేలోపు ఈమె ఆగిపోయిన స్కూలు చదువు పూర్తిచేసుకుంటుంది. మగవాళ్లకి ఇంటి పని నేర్పే క్లాసులు కూడా పెట్టారు, అది విని నేను చాలాసేపు నవ్వుకున్నాను, తర్వాత ఈ ఐడియా మనకెందుకు రాలేదా అనుకున్నాను. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది మాత్రం చివరి ఏడాదిలో జరిగింది. 2023లో ఈ వ్యవస్థ మొత్తాన్ని నగర కౌన్సిల్‌లో చట్టంగా ఆమోదింపజేశారు. తర్వాత వేరే పార్టీ మేయర్ వచ్చినా బ్లాకులు నడుస్తున్నాయి. మా రెండో మేయర్ గారు వింటే సంతోషించేవారు.

దీని పక్కన అమెరికాలోని షికాగో కథ పెట్టి చూడండి. జేన్ బైర్న్ ఆ నగరానికి మొదటి మహిళా మేయర్, 1979లో గెలిచారు. కాబ్రీనీ గ్రీన్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో 1981 మొదట్లో కాల్పులు పెరిగి కొద్ది నెలల్లోనే పదిమందికి పైగా చనిపోతే, ఆవిడ భర్తతో సహా అక్కడికే కాపురం మారారు. ధైర్యం కావాలి దానికి, కాదనను. ఆవిడ ఉన్న మూడు వారాల పైచిలుకు రోజులూ చుట్టూ పోలీసులు, రిపేర్లు, కెమెరాలు, సహజంగానే గొడవలు తగ్గాయి. ఆవిడ వెళ్లిపోయారు, అక్కడి బతుకు మళ్లీ మామూలే. రెండేళ్ల తర్వాత సొంత పార్టీ అభ్యర్థిత్వమే ఆవిడకి దక్కలేదు. పేదవాళ్ల మధ్య ఒక రాత్రి పడుకోండి అని మీకు కూడా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వెళ్లండి, కానీ మర్నాడు పొద్దున ఏ కాగితం మీద సంతకం పెట్టబోతున్నారో ముందు రాత్రే తెలిసుండాలి.

ఇంకో రకం దెబ్బ కూడా ఉంది, అది స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో తగిలింది. ఆ దేశంలోనే కార్ల్‌స్కుగా అనే చిన్న పట్టణం మంచు తొలగించే వరుస మార్చింది. పెద్ద రోడ్ల కంటే ముందు ఫుట్‌పాత్‌లు, సైకిల్ దారులు, పిల్లల బడుల చుట్టూ దారులు. మంచులో కాలు జారి పడేవాళ్లలో నడిచేవాళ్లే ఎక్కువ, నడిచేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, కాబట్టి లెక్క సరైనదే. స్టాక్‌హోమ్ కూడా ఆ మాట అందుకుంది. 2016 నవంబర్‌లో ఆ నెలలో ఎప్పుడూ లేనంత మంచు ఒక్కసారిగా పడి నగరం స్తంభించిపోతే, ఇదంతా స్త్రీవాదం తెచ్చిన చేటు అని ప్రపంచమంతా వెక్కిరించింది. ఆలోచన తప్పని నేననను. వరుస మార్చినంత మాత్రాన యంత్రాలు పెరగవు, ఫుట్‌పాత్ మీద తిరగాలంటే చిన్న యంత్రాలు కావాలి, వాటిని నడిపే మనుషులు కావాలి. మీరు చేసే మంచి పని ఒకటి ఫెయిలైతే మిమ్మల్ని ఒక్కరినే అనరు, మీ తర్వాత రాబోయే ఆడవాళ్లందరినీ కలిపి అంటారు. అన్యాయమే, కానీ లెక్కలోకి తీసుకోవాల్సిందే. అందుకే మొదటి పని చిన్నదిగా ఎంచుకోండి, సామాన్లు, మనుషులు సరిపోయేదిగా.

డబ్బు గురించి ఎవరూ మానవీయత కింద మాట్లాడరు. ఆఫ్రికాలో సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌కి మేయరైన ఇవోన్ అకీ సాయర్ వృత్తిరీత్యా చార్టర్డ్ అకౌంటెంట్, ఎబోలా అంటువ్యాధి వచ్చినప్పుడు సహాయ చర్యల్లో పనిచేసి, 2018లో మేయరయ్యారు. పది లక్షల చెట్ల కార్యక్రమం గురించి అందరూ చెప్తారు, మార్కెట్లో ఎండలో కూర్చుని అమ్ముకునే ఆడవాళ్లకి నీడ కప్పించిన సంగతి కూడా పేపర్లలో వచ్చింది. దాని వెనకాల ఆవిడ చేసిన విసుగు పని ఆస్తి పన్ను సంస్కరణ. ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్కలోకి రాని ఇళ్లన్నీ పట్టుకుంటే జాబితాలో ఇళ్లు దాదాపు రెట్టింపయ్యాయి, బంగళాలకి ఎక్కువ, రేకుల ఇళ్లకి తక్కువ పన్ను పడేలా విధానం మార్చారు. పన్ను రిజిస్టర్ చదవడం రాని మేయర్ దయ మొత్తం ఇంకొకరి జేబు మీద ఆధారపడుతుంది. మీకు లెక్కలంటే భయముంటే ఈ ఆరు నెలలూ దానికే పెట్టండి.

ఇప్పుడు 'అమ్మ' సంగతి. మిమ్మల్ని ఈ ఊరికి అమ్మలాంటివారు అంటూ దండలు వేస్తారు, వినడానికి బాగానే ఉంటుంది. నా మాట విని ఆ బిరుదు తీసుకోకండి. అమ్మ కాదనకూడదు కదా. మగ మేయర్ కాదంటే కఠినుడంటారు, రెండు రోజుల్లో మర్చిపోతారు. అమ్మ కాదంటే ద్రోహం చేసిందంటారు. మా మూడో మేయర్ గారి హయాంలో వరద కాలువ మీద కట్టుకున్న నలభై ఇళ్లు తీయాల్సొచ్చింది, తీయకపోతే పై కాలనీలు మునుగుతాయి, వేరే దారి లేదు. ఆవిడ నెల ముందే మ్యాపు పట్టుకుని స్వయంగా వెళ్లి, ఎవరి ఇల్లు పోతుందో పేరు పేరునా చెప్పారు. రెండు గంటలు బూతులు తిన్నారు, నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. పిల్లల పరీక్షలు అయ్యేదాకా గడువిచ్చారు, కొత్త ఇంటి తాళం చేతికొచ్చాకే పాత ఇంటి మీదకి యంత్రం వెళ్లాలని రాతపూర్వకంగా ఇచ్చారు. అయినా కూల్చిన రోజు ఒక పెద్దాయన ఆవిడ ముందు మట్టి తీసి విసిరాడు. ఆవిడ సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డారు. కొత్త ఇళ్లు దూరం, ముగ్గురు నలుగురు ఆడవాళ్లకి ఇళ్లల్లో పని పోయింది. బస్సు రూటు గురించి ముందే అడగాల్సిందని ఆవిడ ఆ తర్వాత చాలాసార్లు అన్నారు, తొమ్మిది నెలలు తిరిగి ఆ బస్సు వేయించారు. ఆ తొమ్మిది నెలలకి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేరు.

భద్రత గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. జర్మనీలోని కొలోన్ నగరంలో శరణార్థులకి వసతి చూసే బాధ్యత నిర్వహించిన హెన్రియెట్ రేకర్‌ని 2015 అక్టోబర్‌లో, మేయర్ ఎన్నికకి సరిగ్గా ఒక్కరోజు ముందు, ప్రచారంలో ఉండగా మెడ మీద కత్తితో పొడిచారు. ఆ పనే దాడికి కారణం. మర్నాడు స్పృహలో లేనప్పుడే ఆవిడ గెలిచారు. అదే మనిషి కొన్ని వారాల తర్వాత, కొత్త సంవత్సరం రాత్రి నగరంలో ఆడవాళ్ల మీద దాడులు జరిగితే, అపరిచితులకి చేయి దూరంలో ఉండండి అని ఆడవాళ్లకే జాగ్రత్తలు చెప్పి చివాట్లు తిన్నారు. రెండూ ఒకే మనిషి జీవితంలో రెండున్నర నెలల్లో జరిగాయి. మీకు కూడా ఇలాంటి రోజు వస్తుంది, నోరు జారుతుంది. వెంటనే ఒప్పేసుకోండి. ఫోన్లో వచ్చే బెదిరింపులు, బూతులు మాత్రం మీరు చదవకండి, పేషీలో ఒకరికి అప్పగించండి, ప్రతిదీ తేదీతో సహా భద్రపరచమనండి. పదవిలో ఉన్నవాళ్లు ఇవన్నీ మామూలే అంటారు, మామూలు కాదు, రాత్రుళ్లు నిద్ర పట్టదు.

ఇంకొకటి కాస్త మొహమాటమైనది. మీ పేరు చెప్పి మీవాళ్లెవరూ ఆఫీసర్లకి ఫోన్ చేయకూడదు. భర్తయినా, అన్నయినా, పార్టీ పెద్దయినా సరే. మొదటి వారంలోనే, నేను నేరుగా చెప్తే తప్ప నా మాటగా తీసుకోవద్దు అని కమిషనర్‌కి కాగితం మీద ఇవ్వండి. ఇంట్లో రెండు రోజులు ముభావంగా ఉంటారు, ఉండనివ్వండి. అలాగే దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, మీ ఉత్తర్వు నడిచేదీ ఆగేదీ ఆ సీట్లో ఉన్న గుమాస్తా చేతిలో. ఆ గుమాస్తాని అందరి ముందు చులకన చేసి జనానికి మాత్రం మానవీయంగా ఉంటానంటే కుదరదు. సాయంత్రం ఏడింటికి మీటింగ్ పెట్టే మహిళా మేయర్లని చూశాను, చంటిపిల్లలున్న ఉద్యోగినులు తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటుంటే పట్టనట్టు ఉండేవారు.

ఆడవాళ్లని నింపేస్తే సరిపోతుందా అని కూడా అడిగారు. పారిస్‌లో అప్పటి మేయర్ ఆన్ ఇడాల్గో 2018లో పెద్ద పోస్టుల్లో పదకొండుమంది మహిళల్ని, ఐదుగురు మగవాళ్లని వేసినందుకు నగరానికి 90,000 యూరోల జరిమానా పడింది, ఆడవాళ్లయినా మగవాళ్లయినా కొత్త నియామకాల్లో అరవై శాతం దాటకూడదన్న చట్టం ప్రకారం. ఆవిడ నవ్వుతూ చెక్కు పట్టుకెళ్తానన్నారు. నాకైతే పోస్టుల సంఖ్య కంటే ఏ పోస్టులన్నది ముఖ్యం. మహిళలందర్నీ సంక్షేమంలో వేసి, ఇంజనీరింగ్, ఫైనాన్స్, టౌన్ ప్లానింగ్ పాతవాళ్ల చేతిలోనే ఉంచితే నగరం గీత మారదు.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలన్నది మిగిలింది. మీకు ఆరు నెలలుందన్నారు. చాలాచోట్ల బడ్జెట్ సమావేశానికి నాలుగైదు నెలల ముందే విభాగాల నుంచి ప్రతిపాదనలు అడుగుతారు, అంటే మీరు కుర్చీలో కూర్చునేసరికి రాబోయే ఏడాది డబ్బు ఎటు పోవాలో దాదాపు నిర్ణయమైపోయి ఉంటుంది. కాబట్టి రేపే అకౌంట్స్ విభాగానికి వెళ్లి ప్రతిపాదనలు అడిగే లేఖ ఏ తారీకున వెళ్తుందో కనుక్కోండి. కౌన్సిల్ సభ్యురాలిగా అడిగే హక్కు మీకు ఇప్పుడే ఉంది. తర్వాత మీ వార్డుకి సంబంధించి మూడే మూడు రిజిస్టర్లు చూపించమనండి. నీళ్ల ట్రిప్పులది, వీధి దీపాల ఫిర్యాదులది, పారిశుద్ధ్య కార్మికుల హాజరుది. ఇవ్వడానికి మొదట నసుగుతారు, సార్ లేరంటారు, తాళం లేదంటారు. రెండు రోజులు వరసగా వెళ్లి అక్కడే కుర్చీ వేసుకుని కూర్చోండి. ట్రిప్పుల పుస్తకంలో ఎర్ర సిరా గీతలుంటే ఒక్కోటీ ఏ వీధి మీదుందో రాసుకుని సాయంత్రం ఆ వీధికి వెళ్లండి, ఫోటోలు తీసేవాళ్లని వెంట తీసుకెళ్లొద్దు. అక్కడ ఏం విన్నారో వీలైతే వచ్చి రాయండి, అప్పుడు తర్వాతి అడుగు గురించి మాట్లాడుకుందాం.